పద్దెనిమిది టైర్లు

నవ్వకుండా అబద్ధం చెప్పడంలో ఆ వీధిలో ఆదిమూలాన్ని కొట్టేవాడు లేడు. సోమవారం పొద్దున పదింటప్పుడు ఆయన ఇంటి ముందరి గదిలో పెట్టుకున్న సైకిల్ షాపు ముందు గోనెపట్ట మీద కూర్చుని, గాలి నింపిన ట్యూబును బక్కెట్టు నీళ్లలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాడు. మెడలో కార్డు, చేతిలో అట్టకు బిగించిన కాగితాలతో ఒక అమ్మాయి వచ్చి నిలబడి, పక్కింటికి తాళం వేసుందే, వాళ్లెప్పుడు వస్తారని అడిగింది.

పక్కిల్లు సుబ్బులమ్మది. ఇల్లంటే ముందు రేకుల కింద బొరుగుల బట్టి, వెనక ఒక గది, అంతే. మొగుడు ఎల్లప్ప పోయాక కూడా బట్టి ఆర్పకుండా ఒక్కతే నడుపుకొస్తోంది. ఆదిమూలం భార్య వరలక్ష్మమ్మకు ఆమె చిన్నాయన కూతురు. ఆ లెక్కన ఆదిమూలానికి మరదలు. మరదలన్నాక ఏడిపించడానికి వేరే లైసెన్సు అక్కర్లేదని ఆయన నమ్మకం. ఆమె కూడా తక్కువది కాదు. పోయిన ఉగాది పొద్దున గాలి పంపు పిడికి బట్టిమసి పూసిపెడితే, ఆయన ఆ చేత్తోనే మొహం తుడుచుకుని మధ్యాహ్నం దాకా వీధంతా తిరిగాడు.

బియ్యం బేరానికి కాళహస్తికి పోయింది, రేపు సాయంత్రానికి వస్తుందని ఆదిమూలం చెప్పాడు. ఆ అమ్మాయి గడియారం చూసుకుంది. పేరు నందిని, డిగ్రీ రెండో ఏడాది, సెలవుల్లో మునిసిపాలిటీ సర్వే పనికి కుదిరింది. ఈ వీధి ఈరోజే పూర్తి చేయాలంది. ఇల్లు తాళం వేసుంటే పక్కింటివాళ్లు చెప్పినా రాసుకోవచ్చట, కాకపోతే చెప్పినవాళ్లు సంతకం పెట్టాలట.

దేనికమ్మా ఇదంతా అంటే ఓపిగ్గా చెప్పింది. ఆటోలు, లాడ్జీల్లో వేడినీళ్ల బాయిలర్లు, చెత్తకుప్పలు, పొయ్యిలు, అన్నీ కలిసి ఈ ఊళ్లోంచి ఎంత పొగ పైకి పోతోందో లెక్క తీస్తున్నారు. పైకి పోయిన గాలి రగ్గు కప్పినట్టు భూమిని కప్పేసి వేడిని బయటికి పోనివ్వడం లేదు. అందుకే పదేళ్లలో ఊరి పొగలో అయిదో వంతు తగ్గించాలని ప్రణాళిక వేశారు. తగ్గించాలంటే ముందు ఎంతుందో తెలియాలి కదా.

ఎదురుగా చిల్లర కొట్టు పెంచలయ్య తూకం ఆపి వింటున్నాడు. కొట్టు ముందు బేరానికొచ్చిన ఇద్దరు కూడా ఇటు తిరిగారు. ముగ్గురు చూస్తుంటే ఆదిమూలానికి ఒళ్లు ఊరుకోదు. "అట్లయితే తిరపతికి రగ్గు కప్పింది మేమేనంటావు," అన్నాడు. వాళ్లు నవ్వారు. నందిని కూడా కొంచెం నవ్వి, కాగితం తిప్పింది.

మొదటి ప్రశ్నలకు ఆయన సక్రమంగానే జవాబులిచ్చాడు. బట్టి వారానికి అయిదు రోజులు మండుతుంది. తెల్లారి అయిదింటికి అంటిస్తే పన్నెండుకు ఆర్పుతుంది. కట్టెలు వాడదు, శెనక్కాయ పొట్టు వేస్తుంది, రోజుకు రెండు మూటలు. నందిని అన్నీ గుండ్రని అక్షరాలతో రాసుకుని, కాగితం అడుగున ఒక గడి దగ్గర ఆగింది.

"పొట్టు కాకుండా ఇంకేమైనా కాలుస్తారా పెద్దాయనా?"

ఒలిచిన అరటిపండు చేతిలో పెట్టినట్టయింది ఆయనకు. ట్యూబు నీళ్లలోంచి తీసి, గుడ్డతో తుడిచి, పంచరు దగ్గర పెన్సిలుతో సున్నా చుట్టి, అప్పుడు తలెత్తాడు.

"టైర్లు," అన్నాడు.

"టైర్లా?"

"పాత సైకిలు టైర్లమ్మా. నేనే ఇస్తా. దినానికి పద్దెనిమిది. సాలకపోతే గొణుగుతాది."

పెంచలయ్య అటు తిరిగి బెల్లం దిమ్మెలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆయన వీపు కదులుతోంది. ఆదిమూలం మొహంలో మాత్రం ఒక్క గీత కదల్లేదు. టైరు మంట పడితే బొరుగు ఒక జానెడు పైకెగురుతుందని, ఆ ఎగురుడు పొట్టుకు రాదని కూడా చేర్చాడు. నందిని ఎగురుడు సంగతి రాయలేదు, పద్దెనిమిది మాత్రం రాసింది. రాసిన దాని కింద గీత గీసింది. ఆయన అయిదో తరగతిలో నేర్చుకున్న సంతకాన్ని, చివర కొమ్ము సాగదీసి, తీరుబడిగా పెట్టాడు.

ఆ పిల్ల మలుపు తిరగ్గానే నలుగురూ పగలబడి నవ్వారు. రేపు సుబ్బులు రాగానే చెప్పాలి, అది గరిటెతో వెంటపడుతుంది, అప్పుడు చూడాలి తమాషా అనుకున్నాడు ఆదిమూలం. మంగళవారం సాయంత్రం ఆమె రెండు బస్తాలతో రిక్షా దిగే వేళకు, ఆయన ఒక పిల్లవాడి సైకిలు ఉచితంగా ఓవరాయిలు చేస్తానని పందెం కట్టి ఓడిపోయి, చైను నూనెలో మునిగి ఉన్నాడు. చెప్పడం మరచిపోయాడు.

*

బుధవారం బట్టి మండుతున్నప్పుడు నందిని మళ్లీ వచ్చింది. ఈసారి తిన్నగా సుబ్బులమ్మ దగ్గరికే పోయింది.

ఆదిమూలం షాపులోంచి అంతా కనిపిస్తోంది, మాటలే వినబడవు. సుబ్బులమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి పొట్టు తీసి పొయ్యి నోట్లో చల్లుతోంది, కుడి చెయ్యి ఈనెల కట్టతో బాణలిలో ఇసుక కలుపుతోంది. ఆ ఇసుక స్వర్ణముఖి నుంచి తెచ్చి, మూడుసార్లు కడిగి, జల్లెడ పట్టింది. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన బియ్యం ఒక గుప్పెడు అందులో వేసిందంటే, నాలుగు తిప్పులకు మల్లెమొగ్గల్లా విచ్చుకుని బాణలి నిండిపోతాయి. ఒక్క తిప్పు ఎక్కువైతే మాడతాయి, ఒక్కటి తక్కువైతే పంటికింద రాళ్లు. అందుకే నందిని కాగితం తీసి చదవడం మొదలుపెట్టినా సుబ్బులమ్మ తలెత్తలేదు. ఆ వాయి పూర్తిగా విచ్చుకుని, జల్లెడలోకి తీసి, ఇసుక బాణలిలోకి జారవిడిచాకే కొంగుతో చెమట తుడుచుకుని ఏదో అడిగింది.

నందిని కాగితం తిప్పి వేలితో చూపించింది. సుబ్బులమ్మకు చదువు రాదు. వేలు పెట్టిన చోట చాలాసేపు చూసింది. తరవాత మెల్లగా తలతిప్పి సైకిల్ షాపు వైపు చూసింది.

ఆదిమూలం తిట్లకు సిద్ధమై మొహం అమాయకంగా పెట్టుకున్నాడు. తిట్లు రాలేదు. ఆమె ఇంకాసేపు అట్లాగే చూసి, నందిని చేతిలోని సిరాపెట్టెలో బొటనవేలు అద్ది, కాగితం మీద వేసి, వేలిని పొట్టుమూటకు తుడుచుకుంది. మళ్లీ పీట మీద కూర్చుంది.

ఓహో, పెద్ద ఎత్తే వేస్తున్నట్టుంది అనుకున్నాడాయన. ఇక ఆ రోజంతా ఆయన పని ఆయనది కాదు. పంపు పిడి తుడవకుండా పట్టుకోలేదు. గోనెపట్ట దులపకుండా కూర్చోలేదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, సంగటి ముద్దను వేలితో పొడిచి, లోపల మిరపకాయలేవీ దాచలేదని తేల్చుకుని తిన్నాడు. వడ్డించింది తానేనని, తనమీద కూడా అనుమానమా అని వరలక్ష్మమ్మ విసుక్కుని, ఆ విసుగులో దగ్గు తెరలొచ్చి గోడ పట్టుకుని నిలబడింది. ఈ దగ్గు ఆమెకు రెండేళ్లుగా ఉన్నదే. సాయంత్రం దాకా సుబ్బులమ్మ నుంచి ఏ ఎత్తూ రాలేదు. అది ఆయనకు ఇంకా భయంగా, ఇంకా సంబరంగా ఉంది.

అయిదింటికి నందిని సైకిలు తోసుకుంటూ గాలి కొట్టించుకోవడానికి వచ్చింది. పంపు కొడుతూ ఆయనే కదిపాడు, మా మరదలు ఏమంటోంది అని. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని, ఆమె ఒక్క మాట కూడా అనలేదని, తనకే కష్టంగా ఉందని చెప్పింది. ఈ చుట్టుపక్కల బొరుగుల బట్టీలు ఏడు ఉన్నాయి. పొట్టు వాడే ఆరు బట్టీలకు పొగ తక్కువ వచ్చే కొత్త పొయ్యి, పైకప్పు దాటే గొట్టం, ప్రణాళిక కింద ఊరికే కట్టిస్తారు. టైర్లు కాల్చేదొకటే. దాన్ని శనివారం లోపల మూసేయాలి. టైర్ల పొగ అన్నిటికన్నా విషం కాబట్టి వెంటనే చెప్పమన్నారు, సోమవారం రాత్రికే తాను రాసిచ్చింది. బాగా కనిపెట్టావని సారు మెచ్చుకున్నారు కూడా.

ఆదిమూలం చేతుల్లో పంపు పిడి పైకి వచ్చి అక్కడే ఆగింది.

"అయ్యో అమ్మా," అన్నాడు. "అది ఎగతాళికి చెప్పినాను."

నందిని అర్థం కానట్టు చూసింది. టైర్లు లేవు, ఒక్కటీ లేదు, పక్కనోళ్లను నవ్వించడానికి అన్నానని ఆయన మళ్లీ చెప్పాడు. ఆ పిల్ల పెదాలు తడుపుకుంది. గీత గీసి మరీ రాశానే అని మాత్రం అంది. తరవాత తేరుకుని, రేపు ఆఫీసుకు వచ్చి ఇదే మాట కాగితం మీద రాసిస్తే మారుస్తారని, తప్పకుండా రమ్మని చెప్పి, సగం గాలితోనే సైకిలెక్కి పోయింది.

ఆదిమూలం గోడ దాకా పోయాడు. అవతల సుబ్బులమ్మ బొరుగులు సంచుల్లో పోసి మూతి కుడుతోంది. చెబుదామనుకున్నాడు. ఏమని చెప్పాలి? చేతిలో మంచి కాగితం లేకుండా చెడ్డ మాట ఎట్లా చెప్పడం? రేపు అంతా సరిచేసుకుని వచ్చి చెబితే బాగుంటుందని వెనక్కి వచ్చాడు.

*

గురువారం షాపు మూసి, ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు పోయాడు. ప్రణాళిక చూసే అధికారి పేరు మునిరామయ్య. గోడనిండా ఊరి పటం, దాంట్లో ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు. ఆదిమూలం చెప్పిందంతా ఆయన మధ్యలో ఆపకుండా విని, ఒక తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపాడు.

రాయడానికి అరగంట పట్టింది. 'నేను సైకిల్ షాపు ఆదిమూలం. సుబ్బులమ్మ టైర్లు కాల్చదు. నేను ఎగతాళికి చెప్పినాను.' మూడు వాక్యాలకు చొక్కా వీపు తడిసింది. బయటికి చదవమన్నారు. చదివాడు. బల్లల దగ్గరున్న నలుగురు నవ్వారు. జీవితంలో నలుగురు నవ్వితే ఆయనకు కడుపు నిండేది. ఆ రోజు మాత్రం ఆ నవ్వు ఎక్కడ కూర్చోవాలో తెలియక చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించింది.

ఎందుకట్లా చెప్పావని కూడా రాయమన్నాడు మునిరామయ్య. ఆదిమూలం పెన్ను పట్టుకుని ఆలోచించాడు. దొరికిన కారణం ఒక్కటే.

"నాకు మరదలవుతాది సార్," అన్నాడు.

"మీ వరసలు మా కాగితంలో పట్టవు పెద్దాయనా," అన్నాడు మునిరామయ్య. కసురుకోలేదు. సుబ్బులమ్మ వచ్చి తాళం తీసేదాకా ఆ అమ్మాయి ఆగి, పొయ్యిలోని బూడిద చూసుంటే తెలిసేదని, ఆగేందుకు టైము ఇవ్వకపోవడం తమ తప్పేనని అన్నాడు. పటం దగ్గరికి పోయి చూపించాడు. ఆదిమూలం ఉండే చోట ఒక ఎర్ర చుక్క, మిగతా అన్నిటికన్నా పెద్దది. "మీ పద్దెనిమిది టైర్లతో ఆ పక్క పొగంతా కాగితం మీద రెట్టింపయింది. దాన్ని ఆర్పితే చాలా తగ్గుతుందని మేమంతా సంతోషపడ్డాం."

గోరుతో ఆ ఎర్ర చుక్క గీకి తీసేశాడు. సుబ్బులమ్మ పేరు కొత్త పొయ్యిల జాబితాలో చేర్చి, ముద్ర వేసి, కాగితం ఇచ్చాడు. పొయ్యిలు కట్టే మేస్త్రీలు రెండు నెలల తరవాత వస్తారు, అంతవరకు పాత బట్టి మండించుకోవచ్చు, శనివారం లోపల ఆమె వేలిముద్ర తెచ్చియ్యాలి, అంతే.

మెట్లు దిగేసరికి ఆదిమూలం మనసు తేలికపడింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికేసరికి ఇంకా తేలికపడింది. వీధి మొదట్లో దిగేసరికి ఆయన మళ్లీ పాత ఆదిమూలమే. మధ్యాహ్నం మూడైంది. వీధిలో ఎవరూ లేరు, పెంచలయ్య కొట్టు సగం తలుపు వేసి పడుకున్నాడు. సుబ్బులమ్మ ఇంట్లో ఉంది, చీపురు చప్పుడు వినిపిస్తోంది. కాగితం ఇప్పుడే ఇచ్చేయొచ్చు. కానీ ఇంత కష్టపడి తెచ్చినదాన్ని ఇంత చప్పగా ఎట్లా ఇవ్వడం? రేపు పొద్దున బట్టి మండే వేళకు జనం ఉంటారు. ముందు మొహం వేలాడేసుకుని, 'సుబ్బులూ, ఇంక నీ బట్టి పని అయిపోయినట్టే' అనాలి. అది తిట్టడం మొదలుపెట్టి, తిట్లు బాగా ఊపందుకున్నాక జేబులోంచి కాగితం తీయాలి. పైకప్పు దాటే గొట్టం అనాలి. ఊరికే అనాలి. ఆ మొహం అప్పుడు చూడాలి.

ఆ సాయంత్రం రెండుసార్లు షాపు వెనక నిలబడి ఆ మాటలు వరసగా అనుకుని చూసుకున్నాడు.

*

శుక్రవారం ఆయనకు ఆలస్యంగా మెలకువ వచ్చింది. రోజూ అయిదింటికి పొట్టు అంటుకునే పొగ గోడ దాటి వచ్చి ముక్కును లేపుతుంది. ఆ రోజు ఎవరూ లేపలేదు. పక్కన వరలక్ష్మమ్మ ఇంకా నిద్రపోతోంది.

కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాడు. రేకుల కింద సుబ్బులమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ఎల్లప్ప ముప్పై ఏళ్ల కింద బంకమట్టి తొక్కి తన చేత్తో కట్టిన బట్టి మూడు వంతులు నేలమీద పెళ్లలు పెళ్లలుగా పడి ఉంది. మిగిలిన వంతును ఆమె గడ్డపారతో చిన్నగా, కుండ పగలకుండా మూత తీసినట్టు, విప్పుతోంది. లోపలి మట్టి కాలి కాలి ఇటుకరాయి రంగుకు వచ్చింది. బాణలి గోడకు బోర్లించి ఉంది. కడిగిన ఇసుక సంచిలో పోసి మూతి కట్టేసి ఉంది.

ఆదిమూలం అనుకుని పెట్టుకున్న మాటల్లో మొదటిది కూడా నోటికి రాలేదు. శనివారం దాకా గడువుంది కదా అన్నాడు.

"ఉండాదిలే బావా. ఎట్లయినా తీసేదే గదా, నువ్వు ఇంకో రెండు దినాలు సూడాల్సిన పనేముండాది," అంది ఆమె. గడ్డపార పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. గొంతులో కోపం లేదు.

ఎందుకు తీసేశావు, టైర్లు లేవని ఆ అమ్మాయితో ఒక్క మాట అనుంటే పోయేది కదా అని అడిగాడు.

ఆమె కాసేపు మట్టిపెళ్ల మీద గోరుతో గీసింది.

"వరలక్ష్మక్క దగ్గేది గోడకు ఈపక్క నాకు ఇనపడతానే ఉండాది బావా, రెండేండ్లుగా. నేను పొద్దున పొట్టు అంటిస్తానే ఆమె మొదలుపెడతాది. నేనే అడగలేదు. అడిగితే బట్టి మానాల గదా, మానితే ఏం తినేదని నోరు మూసుకుంటి. నువ్వు ముప్పై ఏండ్లుగా నాతో నవ్వుతానే ఉండావు. నవ్వేవోడు ఇట్లాంటిది మొగం మీద ఎట్లా సెప్తాడు. అందుకే ఆ పిల్లతో కాగితంలో సెప్పించినావని తెలిసింది. టైర్లు లేవని నేనంటే నువ్వు ఆఫీసోళ్ల ముందర అబద్ధాలోడివైతావు. ఎందుకదంతా. నీ సంతకం సూసినాక నాకు సిగ్గయింది."

ఎదుటి కొట్టులో పెంచలయ్య తలుపులు తెరుస్తున్న చప్పుడైంది. ఆదిమూలం నిలబడ్డ చోట మట్టిపెళ్లలు చెప్పుల కింద నలిగాయి.

ఆమె ఆయనకు చాలా పెద్ద మర్యాద ఇచ్చేసింది. పెళ్లాం దగ్గు కోసం గుట్టుగా బాధపడి, చెప్పలేక చెప్పిన మనిషిని చేసింది. అవునని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతులోకి వచ్చి తయారుగా కూర్చుంది కూడా. అట్లా అనేసి, నేనే పోయి మళ్లీ మాట్లాడి నీకు కొత్త పొయ్యి ఇప్పించానంటే, దేవుడే అవుతాడు. నవ్వకుండా అబద్ధం చెప్పడం ఆయనకు కొత్తేం కాదు.

జేబులోంచి కాగితం తీశాడు.

"దగ్గు కాదు సుబ్బులూ," అన్నాడు. "దాని దగ్గు నేను పట్టించుకోనే లేదు. ఎగతాళికి సెప్పినా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఇది కూడా ఎగతాళేనేమో, చివర ఏదో ఉందేమో అని వెతుకుతున్నట్టు చూసింది. ఏమీ దొరకలేదు.

"ఎవురు నవ్వినారు బావా?" అంది.

"పెంచలయ్య. ఇంకో ఇద్దురు."

ఆమె తలూపింది. కాగితంలో ఏముందో ఆయన చెప్పాడు. కొత్త పొయ్యి, గొట్టం, రెండు నెలలు, అంతవరకు పాత బట్టి మండించుకోవచ్చన్నారన్న సంగతి. ఆ చివరి మాట చెబుతున్నప్పుడు ఇద్దరూ నేలమీది పెళ్లల వైపు చూడలేదు. నిన్న మధ్యాహ్నమే నా జేబులో ఉండింది అని కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండొచ్చు, కానీ ఒకటి చెప్పాక ఇది లోపల పెట్టుకోవడం చేతకాలేదు.

"నిన్ననా?"

"నిన్న మూడు గంటలకు."

ఆమె ఎందుకని అడగలేదు. కాగితం తీసుకుని, చెయ్యికున్న మట్టి దానికి అంటకుండా అంచుతో పట్టుకుని, వేలు ఎక్కడ వేయాలో చూపించమంది. చూపించాడు. రేపు తానే పోయి ఇచ్చివస్తానంది. రోషానికి పొయ్యి పోగొట్టుకునేంత ఆస్తి ఆమెకు లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మడతపెట్టి రొండిన దోపుకుంది. గడ్డపార కోసం వంగి, మళ్లీ ఏదో తోచినట్టు ఆగింది.

"దగ్గు కోసరమని ఉంటే బాగుండు," అంది.

ఆదిమూలానికి ఏదైనా అనాలనిపించింది. నోరు అలవాటు కొద్దీ ఒక వెటకారం కోసం వెతుక్కుంది. రెండు నెలలు బొరుగులు లేకపోతే ఊరు చిక్కిపోతుందనో, బట్టి కింద లంకెబిందెలేమన్నా దొరికాయా అనో. దేన్నీ బయటికి తేలేకపోయింది.

సుబ్బులమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని గదిలోకి పోయింది. గిన్నెల చప్పుడైంది, ఏదో కడుగుతున్న చప్పుడు. తిరిగి వచ్చినప్పుడు ఆమె ఒక చేతిలో పీట ఉంది, దాన్ని ఆయన ముందు నేల ఊడ్చి వేసింది. రెండో చేతిలో స్టీలు పళ్లెం, దాంట్లో తోమిన గ్లాసు, గ్లాసు నిండా నీళ్లు. ఆ ఇంట్లో ఆయన ఏనాడూ అడిగి నీళ్లు తాగింది లేదు. తిన్నగా లోపలికి పోయి, కుండలో చెంబు ముంచుకుని, ఎంగిలి చేస్తున్నావని ఆమె అరుస్తుంటే ఇంకా గటగట చప్పుడు చేస్తూ తాగేవాడు.

"ఎండనబడి వచ్చినారు," అంది, పొరుగూరి చుట్టంతో అన్నట్టు. "తాగండి."

ఆయన పీట మీద కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతులతో తీసుకున్నాడు. దాహంగా లేదు. చప్పుడు కాకుండా, మిగల్చకుండా తాగాడు. గ్లాసు పళ్లెంలో పెట్టేదాకా ఆమె పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడే ఉంది.